పై కడ్డీ

పద్నాలుగేళ్లు బస్సు ఎటు విసిరితే అటు ఊగుతూ
కుడిచేత్తో పై కడ్డీ పట్టుకునే నిలబడ్డాను.
హనుమంతవాక దిగుడులో ఆవు అడ్డమొచ్చింది.
అప్పలసూరి బ్రేకు తొక్కాడు.
బస్సు ఆగింది, ఆవు తన దారిన తాను పోయింది.
భుజంలో మాత్రం
జాకెట్టు చంకలో కుట్టు పటుక్కుమన్నట్టు
నాకొక్కదానికే వినిపించింది.
"టికెట్, టికెట్" అంటూనే ఉన్నాను.

కేజీహెచ్‌లో డాక్టరు ఫిల్ముని లైటుకి పెట్టి
నల్లటి కండలో తెల్లటి చీలిక చూపించాడు.
"చేయించుకోవచ్చు. చేయించుకోకపోయినా నడుస్తుంది" అన్నాడు.
నా బస్సులో నేనెవరికీ అలా చెప్పను.
ఎక్కితే ఎక్కు, దిగితే దిగు.
అయినా మూడు నెలలు ఫుట్‌బోర్డు మీదే నిలబడ్డాను.

డిపోలో ఎవరి వైద్యం వాళ్లది.
పుత్తూరు కట్టు అన్నారొకరు. వావిలాకు కాపడం అంది వదిన.
"కత్తి పడ్డ చెయ్యి మళ్లీ పాత చెయ్యవదు" అన్నాడు మెకానిక్ సింహాద్రి,
తన చేతులు కడుక్కుంటూ.
సూరి ఏమీ అన్లేదు. టీ గ్లాసు నా ఎడమచేతి వైపు పెట్టాడు.
జీతం లేని సెలవు ఎన్నాళ్లో, చీటీ ఎవరు కడతారో
క్యాష్‌ షీటు వెనక లెక్కేశాను,
ఎన్నిసార్లు వేసినా టాలీ కాలేదు.

నొప్పి కాదు నన్ను తేల్చింది.
మద్దిలపాలెం మలుపులో ఓ ముసలాయన తూలాడు.
పట్టుకుందామనుకున్నాను, చెయ్యి వెళ్లలేదు.
ఎవరో కాలేజీ కుర్రాడు పట్టుకున్నాడు.
ఆయన పడలేదు. నేనే పడ్డాను.
మర్నాడు కాగితం మీద సంతకం పెట్టాను,
వంకరగా, ఆ చేత్తోనే.

తర్వాతి ఆరు వారాలూ గోడకి ఆనుకుని కూర్చునే నిద్ర.
కంచరపాలెంలో రాత్రంతా గూడ్సు బళ్లు.
యాభై ఎనిమిది డబ్బాలు, ఓసారి యాభై తొమ్మిది,
తప్పు లెక్కపెట్టానేమోనని తరువాతి బండి కోసం మేలుకునేదాన్ని.
లేతు మిషను మీద బోల్టులకి మరలు తీసే త్రినాథ్
నా జడ అల్లడం నేర్చాడు.
మూడు పాయలూ సమానం కాకపోతే విప్పేసి మళ్లీ మొదలు.
హుక్కులు పెట్టేటప్పుడు కళ్లు పక్కకి తిప్పుకునేవాడు,
పెళ్లైన పదహారేళ్లకి!
చారులో ఉప్పెక్కువైందని ఓరోజు గిన్నె తోసేశాను.
గిన్నె ఎత్తి కడిగి బోర్లించాడు. చారు గురించి మాట్లాడలేదు.

"వేళ్లని గోడ ఎక్కించండి" అంది ఫిజియోథెరపీ అమ్మాయి జెస్సిక.
మా గోడకి పిల్లాడి ఎత్తు గీతలున్నాయి, ఏడాదికొకటి.
మొదటి వారం నా వేళ్లు
వాడి ఒకటో తరగతి దగ్గర ఆగిపోయాయి.
నెలకి మూడో తరగతి.
నాలుగులో తప్పాను.
ఇరవై రోజులు అదే గీత, అదే సున్నపు పెచ్చు.
ఎందుకు కోయించుకున్నానా అని ఏడిస్తే
జెస్సిక ఓదార్చలేదు. వాచీ చూసి
"ఇంకో పది" అంది.
ఆ పది కోసం ఇప్పటికీ ఆమెని కాస్త తిట్టుకుంటాను.

ఏడో నెలలో, "అమ్మా, నన్ను దాటీసేవు" అన్నాడు వాడు
తన తలమీద చెయ్యి పెట్టి చూసుకుంటూ.

ఆ సాయంత్రం మధురవాడ బస్సెక్కాను, మామూలు మనిషిలా.
స్టీరింగు మీద సూరి. అద్దంలో చూశాడు, పలకరించలేదు.
చెయ్యి మెల్లగా లేపాను.
కడ్డీ వెచ్చగా ఉంది, ఎవరెవరి చేతుల వేడో.
అందింది.
బరువు మాత్రం మోపలేదు. ఎడమచెయ్యి సీటు వెనక పట్టు వదల్లేదు.

హనుమంతవాక వచ్చింది.
సూరి బస్సుని ఎంత నెమ్మదిగా దించాడంటే
నిండు నీళ్ల బిందె దించుతున్నట్టు.
వెనక లారీలు, ఆటోలు, ఒకటే హారన్లు.
దారిలో ఆవు లేదు, గేదె లేదు.
కొత్త కండక్టరు పిల్ల బిత్తరచూపులు చూస్తోంది.
నాకు ఒళ్లు మండింది.
"తొక్కవయ్యా సూరీ, టైమైపోతంది!
రైట్... రైట్!"